పాలు ఊరడం వేరు, సేపడం వేరు: తల్లిపాల వెనక హార్మోన్ల కథ

ఈరోజు టాపిక్ తల్లిపాలు. ఈ మాట వినగానే మన అబ్బాయిలు సగం మంది స్క్రోల్ చేసేస్తారని నాకు తెలుసు. ఒక్క రెండు నిమిషాలు ఆగండి. ఇందులో పావురాలు ఉన్నాయి, పిల్లి ఉంది, గాంధీజీ ఉన్నాడు, నోబెల్ బహుమతి ఉంది, మా జేజి కూడా ఉంది. మొదలుపెట్టేది మా జేజితోనే.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు ఇస్తే నేను జమ్మలమడుగు పక్కన మా జేజి వాళ్ళ ఊరికి పోయేవాడిని. వాళ్ళకు రెండు ఎనుములు ఉండేవి. మన కడప పక్క కాని వాళ్ళ కోసం చెప్తున్నా, ఎనుము అంటే గేదె, బర్రె. ఒక ఏడాది ఒక ఎనుముకు పుట్టిన దుడ్డె చచ్చిపోయింది. ఆ తర్వాత అది పాలు ఇయ్యలేదు. పొదుగు నిండుగా కనపడతా ఉంది, చన్నులు బిగిసి ఉన్నాయి, పిండితే మాత్రం నాలుగు చుక్కలు. మా అబ్బ ఏం చేశాడంటే, ఆ దుడ్డె తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కించి, కాళ్ళకు కట్టెలు పెట్టి నిలబెట్టాడు. ఎనుము దాన్ని వాసన చూసింది, నాకింది. కొంచెం సేపటికి చన్నుల్లోకి పాలు దిగినాయి. "సేపిందిరా" అనింది మా జేజి.

ఈ "సేపు" అనే మాట గుర్తుపెట్టుకోండి. పుస్తకాల్లో "చేపు" అని రాస్తారు. మన భాషలో పాలకు రెండు క్రియలు ఉన్నాయి. పాలు ఊరడం ఒకటి, పాలు చేపడం ఇంకొకటి. లోపల తయారవడం ఊరడం. తయారైనవి బయటికి దిగడం చేపడం. ఈ రెండూ వేరు వేరు పనులు, రెండిటికీ వేరు వేరు హార్మోన్లు ఉన్నాయని తేల్చడానికి సైన్సుకు ఇరవయ్యో శతాబ్దం దాకా పట్టింది. పశువుల కొట్టంలో ఉన్నవాళ్ళకు హార్మోన్ పేర్లు తెలీవు, తేడా మాత్రం తెలుసు.

ఇప్పుడు కట్ చేస్తే, రెండేళ్ళ కిందట మా అక్క కాన్పు. ఆపరేషన్ అయింది. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అనేది వద్దు, అది ఈ కథకు అవసరం లేదు. రెండో రోజుకే రూమంతా ఒకటే మాట. "పాలు పడలేదు." ఒకరేమో "పిల్ల సన్నగా ఉంది, పాలు యాడనుంచి వస్తాయి" అంటారు. ఇంకొకరు "వాళ్ళ అమ్మకీ ఇంతే" అంటారు. సాయంత్రానికి డబ్బా పాలు వచ్చేశాయి. మా అక్క గోడ వైపు తిరిగి ఏడుస్తా పడుకుంది. చూడడానికి వచ్చిన మా జేజి అందరినీ చూసి ఒక్కటే అనింది: "ఎనుము ముందర దుడ్డెను నిలబెడితిరి. ఈ పిల్ల ముందర పదిమంది నిలబడి లెక్క అడుగుతాండారు. సేపు ఎట్లా వస్తాదిరా?"

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చొని ఫోన్‌లో చదవడం మొదలుపెట్టా. ఈ ఎపిసోడ్ అక్కడ పుట్టింది.

పాతకాలం నుంచి వద్దాం. పాలు ఎక్కడినుంచి వస్తాయి? గ్రీకు వైద్యులు ఏమనుకున్నారంటే, గర్భంతో ఉన్నప్పుడు నెలసరి ఆగిపోతుంది కదా, ఆ రక్తమే పైకి పోయి పాలుగా మారుతుందని. ఈ నమ్మకం ఎన్ని వందల ఏళ్ళు నడిచిందంటే, లియొనార్డో డా విన్సీ అంతటివాడు కూడా 1490ల్లో వేసిన ఒక బొమ్మలో గర్భాశయం నుంచి రొమ్ముకు ఒక గొట్టం గీశాడు. అలాంటి గొట్టం మనిషి శరీరంలో లేదు.

మన సుశ్రుత సంహితలో ఇంకో రకంగా ఉంది. తిన్న ఆహారం నుంచి వచ్చే రసమే పాలుగా మారుతుందని చెప్పి, ఆ పాలు బయటికి రావడానికి కారణం మాత్రం వేరే చెప్పారు. బిడ్డను తాకడం, చూడడం, తలుచుకోవడం, ఎత్తుకోవడం. బిడ్డ మీద ఎడతెగని ప్రేమ వల్ల పాలు స్రవిస్తాయని. మనవాళ్ళకు అప్పుడే హార్మోన్లు తెలుసని నేను అనడం లేదు. కానీ గమనించిన విషయం కరెక్ట్. బిడ్డ ఏడుపు వినగానే రవిక తడిసిపోవడం చాలామంది తల్లులకు అనుభవమే.

ఇప్పుడు 1905కి వద్దాం. లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త "హార్మోన్" అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. శరీరంలో ఒకచోట పుట్టి, రక్తంలో ప్రయాణం చేసి, ఇంకోచోట పని చేయించే కెమికల్ మెసేజ్ అన్నమాట. తర్వాతి ఏడాది, 1906లో, ఆయన జానెట్ లేన్-క్లేపన్ అనే యువ పరిశోధకురాలితో కలిసి కుందేళ్ళ మీద ప్రయోగాలు చేశాడు. గర్భంలో ఉన్న పిల్లల నుంచి తీసిన సారాన్ని గర్భం లేని కుందేళ్ళకు ఎక్కిస్తే రొమ్ము గ్రంథులు పెరిగాయి. పిండం నుంచే సిగ్నల్ వస్తోందని అనుకున్నారు. అడ్రస్ పూర్తిగా కరెక్ట్ కాదు, కానీ దారి కరెక్ట్. రక్తంలోనే ఏదో ఉంది.

అదే 1906లో, అదే ఇంగ్లాండులో, హెన్రీ డేల్ ఇంకో పనిలో ఉన్నాడు. మెదడు అడుగున బఠానీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దాని వెనక భాగం నుంచి తీసిన సారం ఇస్తే పిల్లి గర్భాశయం గట్టిగా ముడుచుకుందని ఆయన చూశాడు. ఆ పదార్థానికే తర్వాత ఆక్సిటోసిన్ అని పేరు వచ్చింది. గ్రీకులో "త్వరగా కాన్పు" అని అర్థం. 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు అదే సారాన్ని మేకకు ఇచ్చారు. పాలు జలజలా కారాయి. మా జేజి మాటల్లో చెప్పాలంటే మేక సేపింది.

ఇక్కడ ఒక్క క్షణం మన పక్క చూడండి. ఇంగ్లాండులో ఈ ప్రయోగాలు జరుగుతున్న కాలానికే జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళ క్యాంప్‌బెల్ ఆసుపత్రి నడుస్తోంది. పెన్న ఒడ్డు పల్లెల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కాన్పులకు అక్కడికి పోయుంటారో ఊహించుకోండి. కానీ పాలు ఎట్లా వస్తాయో అప్పటికి ఏ డాక్టర్‌కూ పూర్తిగా తెలీదు.

ఎందుకంటే సగం కథే తెలిసింది. ఆక్సిటోసిన్ ఉన్న పాలను దింపుతుంది. మరి తయారు చేసేది ఎవరు?

1928లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు పిట్యూటరీ ముందు భాగం సారాన్ని కుందేళ్ళకు ఇచ్చి పాలు పుట్టించారు. గ్రంథి ఒకటే. వెనక భాగం దింపుతుంది, ముందు భాగం ఊరిస్తుంది.

ఇప్పుడు పావురాలు. పావురం పాలు ఇస్తుందంటే నమ్ముతారా? గొంతు కింద ఉండే సంచిలో పెరుగులాంటి పదార్థం తయారవుతుంది, దాన్నే పిల్లలకు తినిపిస్తాయి. ఆడపావురమే కాదు, మగపావురం కూడా. అమెరికాలో ఆస్కార్ రిడిల్, ఆయన బృందం 1930ల మొదట్లో ఈ సంచిని పెంచే హార్మోన్‌ను పిట్యూటరీలో పట్టుకున్నారు. కుందేళ్ళలో పాలు పుట్టించేదీ అదే. దానికి ప్రోలాక్టిన్ అని పేరు పెట్టారు. ఏ సారంలో ఎంత ప్రోలాక్టిన్ ఉందో కొలవడానికి చాలా ఏళ్ళు ఈ పావురం సంచే మీటర్‌గా పనికొచ్చింది.

అంటే ఊరించేది ప్రోలాక్టిన్, సేపించేది ఆక్సిటోసిన్. మన రెండు క్రియలకు రెండు హార్మోన్లు.

తర్వాత 1941. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇది. అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు ఒక ఆవు పొదుగులో సగానికి నరాలు కోసేశారు. సేపు నరాల ద్వారా వస్తే ఆ సగం నుంచి పాలు దిగకూడదు కదా. రెండు వైపులా దిగాయి. అంటే సిగ్నల్ వైరు మీద కాదు, రక్తంలో వస్తోంది. అంతటితో ఆగలేదు. పాలు తీసే ముందు ఆవు వీపు మీద పిల్లిని ఎక్కించారు, పక్కన కాగితం సంచులు ఊది టప్పుమని పగలగొట్టారు. ఆవు బెదిరింది. సేపు ఆగిపోయింది. భయపడినప్పుడు వచ్చే అడ్రినలిన్ దీనికి అడ్డం పడుతోందని తేల్చారు.

1948లో నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అనే భార్యాభర్తలు ఈ విషయాన్ని మనుషుల్లో చూశారు. పాలిచ్చే తల్లి నైల్స్ స్వయంగా. ఆమెను కొన్నిసార్లు ప్రశాంతంగా వదిలేసి, కొన్నిసార్లు కాళ్ళు ఐసు నీళ్ళలో పెట్టించడంలాంటి ఇబ్బందులు పెట్టి, బిడ్డ ఎన్ని పాలు తాగిందో తూకం వేశారు. ఇబ్బంది పెట్టినప్పుడు తగ్గాయి. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే, అదే ఇబ్బందిలో కూడా పాలు దిగాయి. అంటే పాలు లోపల ఉన్నాయి. దిగలేదు, అంతే.

ఆసుపత్రి వరండాలో ఇది చదివినప్పుడు నాకు మా అక్క రూమే కనిపించింది. ఐసు నీళ్ళు లేవు, కాగితం సంచులు లేవు. వాటి బదులు మేము ఉన్నాం.

1953లో విన్సెంట్ డు విగ్నో ఆక్సిటోసిన్ నిర్మాణం కనిపెట్టి ల్యాబ్‌లో తయారు చేశాడు. కేవలం 9 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. 1955లో ఆయనకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ప్రోలాక్టిన్ మాత్రం చాలా ఏళ్ళు దొరకలేదు. మనుషుల్లో అది గ్రోత్ హార్మోన్ కంటే వేరుగా ఉందా లేదా అని కూడా అనుమానపడ్డారు. 1970, 71ల్లో గాని మనిషి ప్రోలాక్టిన్ వేరే హార్మోన్ అని ఖాయం కాలేదు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన తర్వాత అన్నమాట.

సరే, చరిత్ర పక్కన పెట్టి ఇప్పుడు సిస్టమ్ ఎట్లా నడుస్తుందో చూద్దాం. గర్భంతో ఉన్నప్పుడు ప్రోలాక్టిన్ బాగా పెరుగుతుంది. మరి అప్పుడే పాలు ఎందుకు ధారగా రావు? ఎందుకంటే మాయ నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్ బ్రేకు వేసి ఉంచుతుంది. కాన్పులో మాయ పడిపోగానే ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, బ్రేకు లేస్తుంది. కానీ ఫ్యాక్టరీ పూర్తి స్థాయికి రావడానికి టైం కావాలి. మామూలుగా 2 నుంచి 4 రోజులు. అందాకా వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, రోజుకు కొన్ని చెంచాలే. అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ కొంచెమే చాలు. రోగాలను ఎదుర్కొనే యాంటీబాడీలు వాటిలో బాగా ఉంటాయి. "మొదటి పాలు మంచివి కావు, పిండి పారబోయండి" అనే మాట ఇప్పటికీ వినపడుతుంది. మనం ఎనుము జున్నుపాలు ఇంటింటికీ పంచుకుంటాం, మన బిడ్డకు వచ్చిన ముర్రుపాలు మాత్రం పారబోస్తాం. ఇదేం లెక్క చెప్పండి.

అంటే రెండో రోజు "పాలు పడలేదు" అనడం, డౌన్‌లోడ్ 20 శాతంలో ఉండగానే ఫైల్ కరప్ట్ అయిందని డిలీట్ చేయడం లాంటిది.

తర్వాత అసలు పాయింట్. బిడ్డ చీకిన ప్రతిసారీ ప్రోలాక్టిన్ పెరుగుతుంది. రాత్రిపూట ఇంకా ఎక్కువ. చీకడం ఆగితే మెదడులోని డోపమైన్ దాన్ని మళ్ళీ తొక్కిపెడుతుంది. దీనికి తోడు రొమ్ములోనే ఇంకో కంట్రోల్ ఉంది. ఇంటి మీద నీళ్ళ ట్యాంకు నిండితే మోటార్ దానంతట అదే ఆగిపోతుంది చూడండి, అట్లా. పాలు నిండి అట్లాగే ఉంటే తయారీ తగ్గుతుంది, ఖాళీ చేస్తే పెరుగుతుంది. స్కాట్లాండులో మేకల మీద పనిచేసిన పరిశోధకులు 1980, 90ల్లో ఇది చూపించారు. అందుకే ఒక వైపు ఎక్కువ తాగించి ఇంకో వైపు వదిలేస్తే, వదిలేసిన వైపు మాత్రమే తగ్గుతాయి. ఆస్ట్రేలియాలో పీటర్ హార్ట్‌మన్ బృందం 1990ల్లో కొలిచి ఇంకోటి చెప్పింది. ఒకసారికి ఎన్ని పాలు నిలవ ఉంటాయనేది తల్లికీ తల్లికీ మారుతుంది. కానీ రోజు మొత్తం మీద తయారయ్యే పాలను అది నిర్ణయించదు. సైజు చూసి పాలు లెక్కకట్టే చుట్టాలకు ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు డబ్బా పాలు ఏం చేస్తాయో అర్థమైంది కదా. డబ్బా పాలతో బిడ్డ కడుపు నిండుతుంది, చీకడం తగ్గుతుంది, ట్యాంకు ఖాళీ కాదు, మోటార్ ఆగుతుంది. అప్పుడు పాలు నిజంగానే తగ్గుతాయి. "చూశారా, మేము ముందే చెప్పాం" అంటారు. మనమే బగ్ పెట్టి, మనమే రిపోర్ట్ చేయడం. ఈ లూప్ ప్రపంచమంతా నడిచింది కాబట్టే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు డబ్బా పాల మార్కెటింగ్ మీద ఒక నియమావళి ఒప్పుకున్నాయి. మన దేశం 1992లో చట్టమే చేసింది. డబ్బా పాలకు యాడ్స్ ఇవ్వకూడదు, ఉచిత శాంపిల్స్ పంచకూడదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు 41.8 శాతమే.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. కొంతమంది తల్లులకు నిజంగానే పాలు తక్కువ వస్తాయి. థైరాయిడ్ సమస్య ఉండొచ్చు, మాయ ముక్క లోపల మిగిలిపోయి ఉండొచ్చు, పాల గ్రంథులే సరిగా పెరగకపోయి ఉండొచ్చు. 1937లో స్కాట్లాండులో హెరాల్డ్ షీహన్ అనే డాక్టర్ ఒకటి చూపించాడు. కాన్పులో రక్తం విపరీతంగా పోతే పిట్యూటరీకి రక్తం అందక అది చచ్చుబడిపోవచ్చు. అప్పుడు తరచుగా కనిపించే మొదటి గుర్తు పాలు రాకపోవడమే. అట్లాంటి తల్లిని "బిడ్డ మీద ప్రేమ లేదు" అన్నామంటే అది అన్యాయం. ఆమెకు కావాల్సింది డాక్టర్. అట్లాంటప్పుడు డబ్బా పాలు కూడా బిడ్డకు ప్రాణాధారమే, అందులో తప్పేం లేదు.

మళ్ళీ ఎనుముల దగ్గరికి వద్దాం, ఎందుకంటే కథ అక్కడ ఇంకో మలుపు తిరిగింది. సేపు రాని పశువును బలవంతంగా సేపించడానికి వెనకటికి ఫూకా అనే క్రూరమైన పద్ధతి ఉండేది. గొట్టంతో వెనక నుంచి గాలి ఊదేవాళ్ళు. కలకత్తాలో ఇది జరుగుతోందని తెలిసి మనసు విరిగిపోయిందని గాంధీజీ తన ఆత్మకథలో రాశాడు. ఆయన పాలు మానేయడానికి అదీ ఒక కారణం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఫూకాను, పశువు ఆరోగ్యం చెడగొట్టే పాల ఇంజెక్షన్లను నేరం చేసింది.

ఆ గొట్టం పోయి ఇంజెక్షన్ వచ్చింది. అదే ఆక్సిటోసిన్. దుడ్డెను మేపే ఖర్చు ఎందుకు, సూది పొడిస్తే సేపుతుంది కదా అనే లెక్క. దీన్ని ఆపాలని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దేశంలో అమ్మకానికి ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని ఆర్డర్ ఇచ్చింది. కానీ కాన్పు తర్వాత రక్తస్రావం ఆపి తల్లిని బతికించేది కూడా ఈ ఇంజెక్షనే. కొరత వస్తే తల్లులు చనిపోతారని డాక్టర్లు ఆందోళన చెందారు. 2018 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆర్డర్‌కు శాస్త్రీయ ఆధారం లేదని కొట్టేసింది, తర్వాత విషయం సుప్రీం కోర్టుకు పోయింది. చూడండి, ఒకే మందు. కొట్టంలో దుర్వినియోగం, కాన్పు గదిలో ప్రాణం.

మన మూడు ఊర్లనే తీసుకోండి. జమ్మలమడుగులో వందేళ్ళు దాటిన కాన్పుల ఆసుపత్రి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల. పులివెందులలో పశు పరిశోధన కోసం కట్టిన కేంద్రం. ఈ మూడు చోట్లా పిల్లలు చదవాల్సిన హార్మోన్లు అవే రెండు.

మా అక్క సంగతి చెప్పలేదు కదా. జేజి అందరినీ బయటికి పంపించి, బిడ్డను గుడ్డల్లోంచి తీసి అక్క ఛాతీ మీద పడుకోబెట్టింది. ఒక నర్సమ్మ వచ్చి బిడ్డ నోరు ఎట్లా పట్టించాలో ఓపిగ్గా చూపించింది. అక్కకు ఎక్కువ కావాల్సింది అదే. అద్భుతం ఏమీ జరగలేదు. రెండు గంటలకొకసారి, రాత్రి కూడా. నాలుగో రోజుకు పాలు దిగాయి. డబ్బా మానేయడానికి ఇంకో పది రోజులు పట్టింది.

కాబట్టి మీ ఇంట్లో బాలింత ఉంటే మగపిల్లలం మనం చేయగలిగిన పని ఉంది. రూములో జనాన్ని తగ్గించండి. మంచినీళ్ళు అందించండి. రాత్రి బిడ్డను ఎత్తి ఆమె చేతికి ఇవ్వండి. "పాలు వస్తున్నాయా" అని గంటకోసారి అడగొద్దు. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. బిడ్డ మందంగా ఉన్నా, తాగకపోయినా, బరువు పెరగకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి పోండి. పాలు పెంచే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. డోపమైన్ బ్రేకు తీసే మందులు ఉన్నాయి, వాటిలో కొన్నిటికి గుండె లయ మీద ప్రభావం ఉంది. అవి డాక్టర్ రాస్తేనే.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు జేజికి ఫోన్ చేసి ప్రోలాక్టిన్, ఆక్సిటోసిన్ అని మొత్తం చెప్పా. అంతా విని, "అయితే ఇంతమంది చదువుకున్నోళ్ళు కలిసి సేపును కనిపెట్టినారన్నమాట" అనింది.

మీ ఊర్లో సేపును ఏమంటారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.